ఎండలోకి వెళ్ళకపోయినా వడదెబ్బ!

“వడదెబ్బ ఎండలో తిరిగేవాళ్ళకు కదండీ! ఇంటిపట్టున ఉండేవాళ్ళకు భయమేముంది?” అని చాలామంది అడుగుతుంటారు. ఈ ధీమా పట్నవాసంలో పనికిరాదు. ప్రభుత్వాసుపత్రిలో పాతికేళ్ళకు పైగా వేసవులు చూసినవాణ్ణి గనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఒక మే నెలలో తెల్లవారుజామున డెబ్బై ఏళ్ళ ఆవిడను స్పృహలేని స్థితిలో తీసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. జ్వరం 106 డిగ్రీలు. మేడమీద శ్లాబు గదిలో, దొంగల భయంతో కిటికీలు మూసుకుని పడుకునేదట. మేం చేయగలిగిందంతా చేశాం. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. “అమ్మ వారం రోజులుగా గడప దాటలేదండీ!” అని కొడుకు ఒకటే ఏడుపు. నిజమే, ఆవిడ ఎండలోకి వెళ్ళలేదు. పగటి ఎండే రాత్రిపూట ఆవిడ గదిలోకి దిగింది.

అదెలాగంటారా? సిమెంటు, ఇటుక, తారు పగలంతా వేడిని పీల్చుకుని, పొద్దుగూకాక నెమ్మదిగా వదులుతాయి. చెట్టూ చేమా, తడినేలా ఉన్నచోట ఎండ వేడిలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. పట్నాల్లో మనం చెరువులు పూడ్చాం, పెరళ్ళకు సిమెంటు పోశాం. ఇరుకు సందుల్లో ఎత్తయిన మేడలు కట్టాం గనుక రాత్రి ఆ వేడి త్వరగా ఆకాశంలోకి పోదు. వాహనాలూ, ఏసీ యంత్రాలూ వదిలే వేడి దానికి తోడు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. లండన్ వాతావరణాన్ని ఏళ్ళ తరబడి కొలిచిన ల్యూక్ హోవార్డ్ 1833 నాటి తన గ్రంథంలో ఈ లెక్క ఇచ్చాడు. పల్లెకన్నా నగరంలో రాత్రులు సగటున 3.7 ఫారన్‌హీట్ డిగ్రీలు వేడిగా ఉన్నాయట. పగలు మాత్రం నగరమే పిసరంత చల్లన!

ఇక మన ఒంటి సంగతి. ఒక లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి శరీరం నుంచి పోతుంది. చెమట కారితే చాలదు, ఆరాలి. గాలి ఆడని ఉక్కగదిలో అది ఆరదు. అప్పుడు గుండె రాత్రంతా చర్మానికి రక్తాన్ని తోడుతూనే ఉండాలి. వరసగా నాలుగైదు రాత్రులు ఇలా విశ్రాంతి లేకపోతే ముసలివారి గుండె, మూత్రపిండాలు తట్టుకోలేవు. 2015 మే నెల వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. అందుచేత వేసవిని తేలిగ్గా తీసుకోకండి.

మరి ఏం చేయాలి? వేసవికి ముందే డాబాకు రెండు పూతలు తెల్లసున్నం వేయించండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. వానలకు పోతుంది గనుక ఏటేటా వేయించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది కూడా ఈ సూత్రం మీదే. పడమటి గోడకు పాదో, చెట్టో నీడనివ్వాలి. పెరట్లో కొంత మన్ను మన్నుగానే వదలండి. పగలు కిటికీలు మూసి తెరలు వేయండి. రాత్రి ఎదురెదురు కిటికీలు తెరవండి. దొంగల భయముంటే ఇనుప చువ్వలు బిగించుకోండి. గదిలో వేడి 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే ఫ్యాను వేడిగాలినే కొడుతుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటూ ఉండాలి.

దాహం వేయకపోయినా మంచినీళ్ళు, మజ్జిగ తాగించండి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు నీళ్ళూ, ఉప్పూ ఎంత తీసుకోవాలో డాక్టరును అడగాలి. నీరు తీసే మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికి వేడి ప్రమాదం ఎక్కువ. అలాగని మందులు మీ అంతట మీరే మానకండి.

మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా జ్వరం బిళ్ళ వేసి కూర్చోకండి. వడదెబ్బకు ఆ బిళ్ళ పనిచేయదు. 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా బట్టలు వదులుచేసి, ఒంటినిండా చన్నీళ్ళు పోసి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

ఈ రాత్రి పది గంటలకు మీ ఇంట్లో పెద్దవాళ్ళ గదిలోకి వెళ్ళి గోడమీద చెయ్యి వేసి చూడండి. ఇంకా వేడిగా తగిలితే తెల్లారేదాకా ఆగకండి. అప్పుడే వారి మంచం కిందిగదిలోకి, గాలి ఆడేచోటికి మార్చండి.