గాలీ వానా వెలిగించే దీవి

అదో బుల్లి దీవి. పేరు ఎగ్. స్కాట్లాండ్ పడమటి తీరంలో మాలెగ్ రేవు దగ్గర పడవెక్కితే గంటంపావులో చేరుకోవచ్చు. అల్లంత దూరం నుంచే నల్లటి రాతికొండ కనిపిస్తుంది. దీవి మొత్తమ్మీద జనాభా వందకు కాస్త అటూ ఇటూ.

ఒకప్పుడు ఈ దీవికంతా ఒకరే యజమాని. 1997లో చందాలు పోగుచేసి దీవివాసులే కొనుక్కున్నారు. నేల దక్కింది కానీ కరెంటు లేదు. సముద్రం అడుగున తీగ వేయించాలంటే తలకు మించిన ఖర్చు. ఇంటింటా డీజిల్ జనరేటర్ల రొదే. అందుకే కరెంటూ తామే తయారుచేసుకోవాలనుకున్నారు. 2008 ఫిబ్రవరిలో ఆ కల నిజమైంది. వాగుల మీద జలవిద్యుత్తు యంత్రాలు, నాలుగు గాలిమరలు, సౌర ఫలకాలు పెట్టారు. చలికాలంలో గాలీ వానా, వేసవిలో ఎండా కరెంటునిస్తాయి. మిగిలింది బ్యాటరీల్లో దాస్తారు. ఏదీ చాలనప్పుడే డీజిల్.

అయితే ఓ షరతుంది. ఏ ఇంట్లోనైనా ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు. ఉన్నవారికైనా లేనివారికైనా అంతే. కెటిల్, వాషింగ్ మెషీన్, హీటర్... అన్నీ ఒక్కసారే వేస్తే ఆ ఇంట్లో కరెంటు పోతుంది. మనిషొచ్చి మళ్లీ కలపాల్సిందే! అందుకే ఒకటి ఆపాకే మరొకటి వేస్తారు.

గాలి జోరుగా వీచి కరెంటు ఎక్కువైతే మాత్రం దాంతో ఊరి హాలునూ చర్చినీ వెచ్చబరుస్తారు. తలా కాస్త తగ్గించుకుంటే మిగిలేది మళ్లీ అందరికీనన్నమాట!