డ్రమ్ములు కాచిన పెద్దాయన

పంద్రాగస్టు దగ్గరపడితే నాకు మా హైస్కూలు బ్యాండే గుర్తొస్తుంది. 1981లో కుప్పనూర్పుళ్లప్పుడు ఇంటికో బస్తా ధాన్యం వేసుకుని ఊరి రైతులే కొన్నారు: నాలుగు చిన్న డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, రెండు బ్యూగిళ్లు. బ్యూగిల్‌కి మీటలుండవు, పెదాల బిగువుతోనే స్వరం మార్చాలి. నా వంతుకి అదే వచ్చింది. పొద్దున్నే నారు పీకి, కాళ్ల బురద కడుక్కుని ప్రాక్టీసుకి పరిగెత్తేవాణ్ణి.

ఆ ఏడు పంద్రాగస్టు ముందురోజు ఒకటే ముసురు. తోలు మెత్తబడి డ్రమ్ములు బొద బొదమంటున్నాయి. డ్రిల్లు మాస్టారికి ఏం తోచలేదు. పేటలో డప్పు కొట్టే పెద్దాయన్ని పిలిపించారు. ఆయన గడ్డిమంట వేసి, డప్పు కాచినట్టే ఒక్కో డ్రమ్మూ సెగ మీద తిప్పుతూ కాచాడు. దెబ్బ వేస్తే ఖంగుమన్నాయి.

తెల్లారి జెండా దగ్గర అందరికీ మిఠాయి పంచారు. ఆయన గేటు బయటే నిలబడ్డాడు. నేను చూశాను. పిలవలేదు.

ఇప్పుడన్నీ ప్లాస్టిక్ తోళ్లు, మంటతో పనిలేదు. పెద్దాయనా లేడు. మొన్న బడివాళ్లు బ్యాండు చరిత్ర రాసిమ్మన్నారు. బస్తాలిచ్చిన వాళ్ల పేర్లన్నీ రాశాను. అన్నిటికంటే పైన ఆయన పేరు పెట్టాను. మీ ఊళ్లో అలాంటివాళ్లుంటే, బతికుండగానే లోపలికి పిలవండి.