యంత్రం ఏం తింటుంది?

సముద్రం పక్కన ఇనుము ఎంతోకాలం నిలువదు. ఈ సత్యాన్ని, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, మా పెరట్లోని నీళ్ల ట్యాంకు స్టాండు ఒకనాటి ఉదయం నాకు గుర్తుచేసింది. దాని కాలి అడుగుభాగాన్ని గోటితో గీస్తే తుప్పు పొరలు పొరలుగా రాలిపడింది. ఆ ట్యాంకులో 500 లీటర్ల నీరు పడుతుంది. అంటే అర టన్ను బరువు. దాని నీడలోనే మా మనుమడు రోజూ ఆడుకుంటాడు.

మొన్న గేటు, నిన్న కిటికీ గ్రిల్లు, నేడు ఈ స్టాండు. ప్రతిసారీ వెల్డరు కోసం తిరిగేకంటె, ఇంట్లో వాడుకొనే చిన్న మిగ్ వెల్డింగు యంత్రాన్ని కొని నేనే అతుకులు వేసుకోరాదా అనిపించింది. ఉపాధ్యాయవృత్తి నుంచి విశ్రాంతి పొందినవాడిని. తీరికకు కొదవ లేదు.

మిగ్ పద్ధతి 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో రూపుదిద్దుకొన్నది. ఇందులో విడి కడ్డీలు ఉండవు. చుట్టగా చుట్టిన సన్నని తీగను చిన్న మోటారు ముందుకు తోస్తూ ఉంటుంది. చేతిలోని గన్ను మీట నొక్కితే తీగ కొన వద్ద విద్యుత్తు మండి, తీగా ఇనుమూ కలిసి కరుగుతాయి. కరిగిన లోహానికి గాలి సోకకుండా సిలిండరు నుంచి వచ్చే వాయువు కాపాడుతుంది. కొత్తవాడి చేతికి కూడ త్వరగా లొంగుతుందని దీనికి పేరు.

బజారుకు బయలుదేరే ముందు మా వీథి చివర ఉండే పెద్దాయనను సలహా అడిగాను. శ్రీకాకుళం జిల్లా నుంచి చిన్నతనంలోనే ఈ దీవులకు వచ్చి, పడవలకు ఇనుపపని చేస్తూ జుట్టు నెరసినవాడాయన. యంత్రానికి ఎన్ని ఆంపియర్ల శక్తి ఉండాలని నా ప్రశ్న. ఆయన నవ్వి, "ఎంత పని చేస్తాదని అడుగుతున్నారు గాని, ఏటి తింటాదో అడిగేరా మాస్టారూ?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా లెక్కలన్నీ తారుమారైనాయి.

మొదటి మేత వాయువు. ఈ దీవులకు సరుకులో అధికభాగం సుమారు 1,200 కిలోమీటర్ల దూరం నుంచి ఓడల మీద రావలసిందే. సిలిండరు ఖాళీ అయిన నాడు యంత్రం మూలన కూర్చుంటుంది. వాయువు ఉన్నా, ఆరుబయట కడలిగాలి దానిని చెదరగొడితే అతుకంతా తేనెపట్టులా రంధ్రాలు పడుతుంది. ఇందుకు ఉపాయం ఫ్లక్స్ నింపిన తీగ. దాని కడుపులోని పొడి మండి, తనకు కావలసిన రక్షణ తానే కల్పించుకొంటుంది. సిలిండరుతో పని లేదు. పొగ ఎక్కువ, అతుకు మీద పేరుకొన్న పెంకును గీకవలెను. అయినా మావంటి చోటికి అదే తగినది. కాని ఈ తీగకు గన్ను రుణధ్రువానికి తగిలించి ఉండాలి. మామూలు తీగకు ధనధ్రువానికి. ఈ మార్పిడికి వీలులేని యంత్రం నాకు నిరుపయోగం.

రెండవ మేత విద్యుత్తు. ఈ దీవులకు ప్రధానభూమి విద్యుత్ వ్యవస్థతో సంబంధం లేదు; ఎక్కువగా డీజిలు జనరేటర్లే ఆధారం. పెట్టె మీద 200 ఆంపియర్లని అచ్చు వేసి ఉన్నా, ఇంటి గోడలోని 15 ఆంపియర్ల ప్లగ్గు దానిని అంతదాకా పోనివ్వదు. చూడవలసిన మరో అంకె డ్యూటీ సైకిల్. 60 శాతమంటే, ఆ శక్తి వద్ద పది నిమిషాలలో ఆరు నిమిషాలే పని. మిగిలిన నాలుగు చల్లబడడానికి.

మూడవది పొడితనం. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట తీగకే తుప్పు పడుతుంది. అందుచేత 5 కిలోల చుట్ట చవక అనిపించినా, కిలో చుట్టలే కొని, గట్టి మూత ఉన్న డబ్బాలో దాచడం మేలు.

ఈ విచారణ అంతా చేసి, చేత్తో మోయగల ఇన్వర్టర్ యంత్రాన్ని తెచ్చాను. కాని ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు, ముఖానికి చవక ముసుగు చాలునన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. వెలుగు పుట్టగానే తనంతట నల్లబడే ముసుగు, తోలు చేతితొడుగులు కొనిపించాడు. జింకు పూత ఉన్న గొట్టాన్ని గీకకుండా కాలిస్తే ఆ పొగకు జ్వరం వస్తుందనీ హెచ్చరించాడు.

వారం రోజులు తుక్కు ఇనుము మీద సాధన చేశాను. చివరకు 6 మిల్లీమీటర్ల మందం గల రెండు యాంగిల్ ముక్కలను కలిపి, వరుసగా పేర్చిన నాణేల వంటి అతుకును గర్వంగా ఆయనకు చూపించాను. ఆయన మాట్లాడకుండా దానిని బెంచి వైసులో బిగించి, సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అతుకు ఊడి కిందపడింది. దాని కింది ఇనుము మీద నేను పెట్టిన గ్రైండరు గీతలు చెక్కుచెదరలేదు! తీగ కరిగి పైన పరుచుకొన్నదే తప్ప, ఇనుము కరగలేదు. మందపు ఇనుము వేడిని లోపలికి లాగివేసింది. నా చిన్న యంత్రం, నా తొందరపాటు చేయి దానిని మించలేకపోయాయి.

నేను మనుమడి తల మీద నిలబెట్టబోయిన అర టన్ను బరువు కళ్ల ముందు కదిలింది. ఒళ్లు జలదరించింది.

ట్యాంకు స్టాండును పెద్దాయనే తన పెద్ద యంత్రంతో, కడ్డీలతో కొత్తగా కట్టాడు. గేటు, గ్రిల్లు, పూలకుండీల చట్రం వంటి పలుచని పనులు నావి. ఆ యంత్రాన్ని కొన్నందుకు నేను విచారించడం లేదు. తానేమి తింటుందో, ఎంత మోయగలదో తెలిసిన తరువాత అది నాకు నమ్మకమైన తోడైంది. ఊడిపోయిన ఆ అతుకును మాత్రం పారవేయలేదు. పనిముట్ల పెట్టెలో అన్నిటికంటె పైన ఉంచుకొన్నాను. పెట్టె తెరిచినప్పుడల్లా ముందుగా అదే చేతికి తగులుతుంది.