టవరు భయము



భయము రెండు విధములు. తెలిసికొనినచో తొలగునది యొకటి. తెలిసికొనినచో జాగ్రత్తగా మాఱునది మఱియొకటి. సెల్‌ఫోను తరంగములను గూర్చిన భయమునందు ఈ రెండును కలిసియున్నవి.

మా తిరువూరిలో మా వీథియందొక వృద్ధురాలు కలదు. పెనిమిటి పోయిన పిదప డాబామీది స్థలమును టవరునకు అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో కాలము గడుపుచున్నది. ఇటీవల వీథిలో ఒకరికి తలనొప్పియు, ఒకరికి నిద్రలేమియు కలుగగా, ఇరుగుపొరుగువారు ఆమెతో మాటలాడుట మానిరి. టవరును తీయింపుమని అర్జీ వ్రాసి నా చేవ్రాలునకై తెచ్చిరి. ఒక ముదుసలి కూటికి సంబంధించిన కాగితముపై విచారింపక వ్రాలు చేయుటకు నాకు మనసొప్పదయ్యెను. బడిపంతులుగారైన మా వారి నడిగియు, స్వయముగా చదివియు కొన్ని సంగతులు తెలిసికొంటిని.

ఈ రేడియో తరంగములు ఎక్సురే వంటివి కావు; అణువుల బంధములను త్రెంపు బలము వీనికి లేదు. దేహమును కొంచెము వెచ్చచేయుటయే వీనివలన నిశ్చయముగా తెలిసిన ఫలము. 2011లో ప్రపంచారోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ వీనిని "క్యాన్సరు కలిగింపవచ్చునేమో" అను 2బి తరగతిలో చేర్చెను. 2024లో ప్రపంచారోగ్యసంస్థ చేయించిన సమీక్షలో ఫోను వాడుకకును మెదడు క్యాన్సరునకును సంబంధము కానరాలేదు. మన దేశమున 2012 సెప్టెంబరు 1 నుండి టవరుల తరంగములకు అంతర్జాతీయపు హద్దులో పదవవంతునే హద్దుగా విధించిరి. ఫోనువలన దేహము గ్రహించు శక్తి కిలో యొక్కింటికి 1.6 వాట్లు మించరాదనియు నియమము చేసిరి.

మఱియొక సంగతి వినుడు. టవరు దూరమున నుండును; ఫోను చెవిని తాకియుండును. దూరము రెట్టింపైనచో తరంగముల తీవ్రత నాల్గవవంతగును. సిగ్నలు అందని చోట ఫోను మఱింత బలముగా ప్రసరించును. కావున టవరును ఊరవతలికి పంపినచో మన చెవికడ తరంగములు హెచ్చునే కాని తగ్గవు.

ఇంట మనము చేయదగినవి స్వల్పములు. చాలసేపు మాటలాడవలసినచో స్పీకరు పెట్టుకొనుడు. సిగ్నలు తక్కువైనచోట మాటలు తగ్గింపుడు. పిల్లల తలగడక్రింద ఫోను నుంచకుడు. అర్ధరాత్రముదాక దాని వెలుతురు చూచుటయే నిద్రను చెఱచును. ఆ నేరమును టవరుపై మోపరాదు.

అర్జీ తెచ్చినవారితో నేనిట్లంటిని: "2017లో కేంద్ర టెలికాం శాఖవారు తరంగ్ సంచార్ అను ఏర్పాటు చేసిరి. రుసుము చెల్లించినచో వచ్చి కొలుతురు. తలకింత వేసికొందము. లెక్క హద్దు దాటెనా, అర్జీపై మొదటి చేవ్రాలు నాదే. దాటదా, అందఱమును ఆమె గుమ్మము త్రొక్కుదము."

ఇప్పటికి నలుగురు తమ వంతు సొమ్మిచ్చిరి.