వాకిట చెప్పిన మాట

కొన్నియేండ్ల క్రిందట ఒక మధ్యాహ్నము మా వాకిట నొక యువకుడు నిలిచి, చేతిలోని పలకవంటి యంత్రమును చూచుచు ఇంటివారి వివరముల నడుగ నారంభించెను. మర్యాద గలవాడే. "అమ్మగారూ, ఇంట నెందరు? వయస్సెంత? బ్యాంకి ఖాతా యున్నదా?" అని యడిగినన్నిటికి నేను బడిపిల్లవలె జవాబు చెప్పితిని. పిమ్మట మా యాడుబిడ్డను గూర్చి, "ఈమెకు పెండ్లియైనదా? భర్త యెచ్చట?" అనెను. ఆమె భర్తను విడిచి మాయొద్దకు వచ్చిన సంగతి వీథిలో నెవరికిని తెలియదు. నేను ఆలోచింపక ఉన్నదున్నట్లు చెప్పివేసితిని. పొరుగువారు పిట్టగోడకు చేరబడి వినుచునే యుండిరి. లోపల చెంబు క్రిందబడిన చప్పుడైనది. నాటినుండి ఆమె సాయంకాలము వీథియరుగుపై కూర్చుండుట మానినది.

పూర్ణామార్కెటు నుండి వచ్చుచు ఈ మాట నొక స్నేహితురాలితో చెప్పగా, ఆమె నవ్వి, "మనమేమి దొంగలమా వదినా, దాచుకొనుటకు?" అనెను. ఇదే మాట ఉక్కునగరమున పేరంటమందు వింటిని, రేషను దుకాణము వరుసలో వింటిని. రేవు ద్వారమునను, ఉక్కు కర్మాగారపు ద్వారమునను గుర్తింపుచీటి చూపి లోనికి పోవుట మన యూరి మగవారికి నిత్యకృత్యము. ఆ యలవాటే ఇండ్లలోనికిని వచ్చినదేమో! యంత్రముపై బొటనవ్రేలి ముద్ర పడకున్న కొంగుతో తుడిచి మరల పెట్టుటయే గాని, ఆ ముద్ర యెచ్చటికి పోవునని అడిగినవారిని నేను చూడలేదు. నేనును అడుగలేదు. బియ్యము ముఖ్యము గదా.

2018లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షలమంది లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకి వివరములతోను కులమతములతోను, ఎవరైనను చూడగలుగునట్లు బయలుపడినవి. పత్రికలు వ్రాసినవి. మా వీథిలో దానిని గూర్చి యొక్క మాటయైన పుట్టలేదు.

అడిగినవాడొక వృద్ధుడు. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా నుండి విశ్రాంతి గైకొనిన పుట్టస్వామిగారు 86 ఏండ్ల ప్రాయమున, 2012లో, సుప్రీముకోర్టు కెక్కిరి. ఏకాంతము ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వపక్షము వాదించినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకకంఠముగా అది హక్కే యనిరి. మరుసటి యేడు వేరొక ధర్మాసనము ఆధారు చట్టమును చాలవరకు నిలిపినను, బ్యాంకి ఖాతాకును ఫోనుకును దానిని తప్పనిసరి చేయరాదనెను. అప్పటికే మేము రెండింటికిని ఇచ్చివేసి యుంటిమి!

రాజులకు వేగు క్రొత్త గాదు. అంతఃపురమున ఆదరము పొంది మంత్రుల యిండ్లకు పోవు పరివ్రాజికను కౌటిల్యుడు గూఢచారులలో చేర్చినాడు. ఆమె వేషమైన వేసికొని రావలసి యుండెను. నేడు మనమే పిలిచి పీట వేయుచున్నాము. భవభూతి నాటకమున దుర్ముఖుడు లోకులమాటను రాముని చెవిలో చెప్పునపుడు సీత నిద్రించుచుండును. చిన్ననాడు మా తండ్రిగారు ఆ ఘట్టము చదివించినపుడు నేను రామునికై యేడ్చితిని. ఇప్పుడు మనసు నిద్రించుచున్న యామెపైకే పోవుచున్నది. దుర్ముఖుడు చెవిలోనైన చెప్పెను. నేను వాకిట చెప్పితిని.

సర్కారునకు లెక్కలే వలదనను. పింఛను కావలెనన్న పేరు చెప్పవలసినదే. కాని గత మాసమున మరల నొకరు వచ్చి ఆ ప్రశ్నయే వేయగా, "ఇది తప్పక చెప్పవలసినదేనా నాయనా?" అని యడిగితిని. అతడు కొంత తడబడి, "అక్కరలేదమ్మా, ఖాళీగా విడువవచ్చును" అనెను. ఇంత సులువా యని నాకు సిగ్గు కలిగినది.

మా యాడుబిడ్డ తలుపుచాటున నిలిచి విన్నది. ఏమియు ననలేదు. ఆ సాయంకాలము కాఫీ తానే కలిపి యిచ్చినది. అరుగుపైకి మాత్రము ఇంకను రాలేదు.