చెన్నపురి కడలియొడ్డున బ్యాంకు భవనము

గొప్ప కట్టడములను గూర్చి ముచ్చట వచ్చినపుడు మనము ముందుగా దేవాలయములను, కోటలను, రాజభవనములను దలంతుము. ధనము దాచు గృహము తలంపునకు వచ్చుట యరుదు. అయినను చెన్నపట్టణపు రేవున కెదురుగా నిలిచియున్న ఎఱ్ఱని బ్యాంకు భవనము చరిత్రను చదివినకొలది, జనుల నమ్మకమెట్లు పుట్టునో, ఎట్లు చెడునో, ఎట్లు మరల కుదురుకొనునో మాకు తెలియవచ్చినది. ఆ సంగతిని మా పాఠశాలలోని సోదరసోదరీమణులకు విన్నవింపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ భవనమును కట్టించిన బ్యాంకు భవనముకంటె పాతది. చెన్నపట్టణమున మొదట నెలకొనిన చిన్న బ్యాంకులు కొన్ని 1843వ సంవత్సరమున నొక్కటియై మద్రాసు బ్యాంకుగా నేర్పడెను. దాని మూలధనము 30 లక్షల రూపాయలు. అందు 3 లక్షలు ప్రభుత్వము వంతు. కలకత్తాలో నొకటి, బొంబాయిలో నొకటి యిట్టి బ్యాంకులే యుండెను. 1861వ సంవత్సరపు చట్టమువలన నోట్లు వెలువరించు నధికారము ప్రభుత్వముపరమగు వఱకు ఈ మూడు బ్యాంకులును తమ తమ నోట్లను తామే వెలువరించుచుండెను. కాకినాడ, మచిలీపట్టణము మొదలగు మన పట్టణములందును మద్రాసు బ్యాంకు శాఖలు వెలసెను. కావున ఆ కథ మనకు పరాయిది కాదు.

పందొమ్మిదవ శతాబ్ది తుదిదశకమున బ్యాంకువారు తమ ఘనతకు తగిన గృహము కట్టింపనెంచిరి. జయపురమున పేరువడసిన జాకబు దొరగారు గీసిన పటమును హెన్రీ ఇర్విన్ దొరగారు సవరించి పని నడిపించిరి. సిమ్లాలోని రాజప్రతినిధి భవనమును, మైసూరు రాజభవనమును రూపించిన వారీ ఇర్విన్ గారే. గుమ్మటములు, కమానులు, వసారాలు కలిగి, హిందూ మహమ్మదీయ శిల్పపద్ధతులను పాశ్చాత్యుల కట్టుబడితో కలిపిన ఆ రీతిని ఇండో సారసెనిక్ అందురు. పటములు దొరలవి, కట్టడము మాత్రము తాటికొండ నంబెరుమాళ్ళ సెట్టిగారిది. ఇంటిపేరే చెప్పుచున్నట్లు వారు తెలుగు వైశ్యులు. చెన్నపురి హైకోర్టు, విక్టోరియా పబ్లిక్ హాలు మొదలగు కట్టడములును వారి చేతిమీదుగనే లేచినవి. ఇటుకలు మోసిన కూలీల పేర్లను, సున్నము నూఱిన స్త్రీల పేర్లను మాత్రము ఏ ఫలకమును చెప్పదు.

బ్యాంకున కంత వైభవమేల యని మేము మొదట శంకించితిమి. ఆ కాలమును తలంచిన నుత్తరము దొరకును. అప్పుడు రిజర్వుబ్యాంకు లేదు. అది 1935లో పుట్టెను. నిక్షేపములకు భీమా లేదు. అది మనదేశమున 1962లో మొదలయ్యెను. సొమ్ము దాచుకొనువానికి లెక్కపుస్తకములు కానరావు. గోడలు మాత్రము కానవచ్చును. “ఇంత బరువైన గోడలు గలవారు రాత్రికి రాత్రి లేచిపోవుదురా?” యని వాడు ధైర్యము తెచ్చుకొనును. ఆ గుమ్మటములు అలంకారములు మాత్రమే కావు. అవి యొక విధమైన హామీపత్రము.

అయితే రాతిమీద వ్రాసిన హామీయు చెల్లకపోవచ్చును. అదే తీరమున ఆర్బత్‌నాట్ అను వర్తకసంఘము కార్యాలయముండెను. వారును పాతవారు, పేరుగలవారు. ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు తమ సొమ్మును వారి చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రించుచుండిరి. 1906వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీని ఆ సంఘము చెల్లింపులు నిలిపివేసెను. వేలకొలది కుటుంబములు ఒక్కదినముననే దిక్కులేనివయ్యెను. సంఘమున పెద్దయగు సర్ జార్జి ఆర్బత్‌నాట్ గారికి న్యాయస్థానము కారాగారశిక్ష విధించెను. కాని శిక్షవలన పోయినసొమ్ము తిరిగిరాదు గదా! ఆ దుఃఖమునుండియే మనవారి చేతనే నడుపబడు బ్యాంకు కావలెనను పట్టుదల పుట్టెను. వి. కృష్ణస్వామి అయ్యరుగారు మొదలగువారి పూనికచే 1907లో ఇండియన్ బ్యాంకు స్థాపింపబడెను. ఆర్బత్‌నాట్ వారి చోటనే తరువాత ఆ బ్యాంకు నెలకొనుట విశేషము.

ఇట్టి సంగతి మా యింటను చిన్నయెత్తున జరిగినది. మా నాయనమ్మ పాలమ్మి కూడబెట్టిన సొమ్మును ఊరిలోని యొక ధనసంస్థలో దాచెను. నున్నని రాతి మెట్లు, అద్దాల తలుపులు చూచి ఊరెల్ల దానిని నమ్మెను. ఒకనాటి యుదయమున తలుపులకు తాళములు పడెను. ఆమె యెవరిని తిట్టలేదు. కొన్నినెలలు గడచినపిదప మరల పాలడబ్బులు కొంగున ముడివైచుకొని తపాలా కచ్చేరికి నడచిపోయెను. అచ్చట గోడలకు వెల్లయైనను సరిగా లేదు. ఆమెకు చదువు రాదు. కావున గుమాస్తాచే పుస్తకములోని యంకెలను పైకి చదివించుకొని, తాను మనసున పెట్టుకొనిన లెక్కతో సరిచూచుకొని కాని వెలుపలికి వచ్చెడిది కాదు. ఆ గుమాస్తాయు విసుగక, వెనుక వరుస పెరుగుచున్నను, ప్రతిమాసము చదివి వినిపించెడివాడు. పోయిన నమ్మకమును ఆమెకు మరల తెచ్చియిచ్చినది ఆ చదివి వినిపించుటయే.

చెన్నపురి భవనము కథయు ఈ సత్యమునే వేఱొకరీతి చెప్పుచున్నది. 1921లో మూడు రాజధానుల బ్యాంకులును కలిసి ఇంపీరియల్ బ్యాంకయ్యెను; 1955 జూలై 1వ తేదీన అది భారత స్టేట్ బ్యాంకయ్యెను. వీధి పేరును మారి నేడు రాజాజీ సాలై యనబడుచున్నది. బందరున 1923లో పట్టాభి సీతారామయ్యగారు నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకును 2020లో యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. 2014 జూలైలో ఈ భవనమున నగ్ని చెలరేగి పైఅంతస్తును దహించెను. పేరు మారినను, కప్పు కాలినను ఖాతాదారుల సొమ్ము చెడలేదు. ఏలన అది గుమ్మటము క్రింద గాక, సరియైన లెక్కలలో నుండెను.

అట్లయిన ఈ గోడలతో మనకు పనిలేదా? నేడు ధనము చేతిఫోనులో కనులకు కానరాక కదలుచున్నది. బ్యాంకునకు మెట్లెక్కవలసిన పనియే కొందఱికి లేదు. నిక్షేపములకు 5 లక్షల రూపాయల వఱకు భీమా కలదు. అయినను ఇట్టి భవనములు నిలువవలెననియే మా కోరిక. నమ్మకము సంపాదించుటకు మన పూర్వు లెంత శ్రమపడిరో అవి చూపును. అదే వీధిలోని ఆర్బత్‌నాట్ కథ ఆ నమ్మకమెంత సుకుమారమైనదో చూపును. ఈ రెండు పాఠములు నొక్క వీధిలోనే దొరకుట అరుదు.

ప్రియ సహపాఠులారా! మీ మీ యూళ్ళలోను ఏదో యొక పాత బ్యాంకో, సహకారసంఘమో, తపాలా కచ్చేరియో యుండకపోదు. సెలవులలో దానిని చూచి, ఎవరు కట్టిరో, ఎవరు కష్టించిరో, ఎన్నడైన మూతపడెనో వృద్ధుల నడిగి తెలిసికొనుడు. వచ్చు సంవత్సరపు సంచికకు వ్రాసి పంపుడు. కూలీల పేర్లు దొరకినచో వానిని ముందు వ్రాయుడు.