తగ్గిందని బంద్ పెట్టిన సారూ!

బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే మా క్లినిక్‌లో తుమ్ముల కాలం మొదలవుతుంది. వచ్చేవాళ్లలో సగం మంది పాత ముఖాలే. నిరుడు ఇదే రోజుల్లో ఇదే బల్ల ముందు కూర్చున్నవాళ్లే. ఎర్రబడ్డ కళ్లు, చేతిలో తడిసి నలిగిన రుమాలు. "పోయినసారి రాసిచ్చిన ముక్కు స్ప్రే ఏమైంది?" అని అడుగుతాను. జవాబు నాకు ముందే తెలుసు.

"తగ్గిందని బంద్ పెట్టిన సారూ!"

చెప్పేటప్పుడు ముఖంలో బెరుకేమీ ఉండదు. పైగా డబ్బులు మిగిల్చానన్న తృప్తి. మందు వాడితేనే కదమ్మా తగ్గింది అంటే, "అవును సారూ, మంచిగ పనిచేసింది, అందుకే బంద్ పెట్టిన" అంటారు. ఈ తర్కానికి విరుగుడు ఇన్నేళ్లయినా నాకు దొరకలేదు.

జబ్బు మరీ చిక్కుదేమీ కాదు. గడ్డి, కలుపు, కొన్ని రకాల చెట్లు గాలిలోకి పుప్పొడి వదులుతాయి. గడ్డి పుప్పొడి రేణువు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉంటుందేమో, కంటికి ఆనదు. చాలామంది దాన్ని పీల్చినా ఏమీ కాదు. కొందరి ఒంటికి మాత్రం అది శత్రువు. దాని కోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను ముందే సిద్ధం చేసి పెట్టుకుంటుంది. మళ్లీ ఆ రేణువు తగలగానే ముక్కు పొరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. దురద, తుమ్ములు, నీళ్లు, అన్నీ నిమిషాల్లో. కథ అక్కడితో ముగిస్తే నాకింత కోపం వచ్చేది కాదు. కొన్ని గంటలకు ఇసినోఫిల్స్ లాంటి తెల్లకణాలు అక్కడికి చేరి పొరను వాపు ఎక్కిస్తాయి. తుమ్ములు ఆగాక కూడా ఆ వాపు నివురుగప్పిన నిప్పులా ఉండిపోతుంది. అలర్జీ మాత్ర తుమ్మును ఆపుతుంది. వాపును తీసేది స్ప్రే. మాత్ర గంటలో పనిచేస్తుంది, స్ప్రే పూర్తి గుణం చూపడానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మనవాళ్లు నాలుగో రోజే మూత పెట్టేస్తారు.

మందు మీద లేని పట్టుదల నేరస్తుణ్ని వెతకడంలో మాత్రం బాగా ఉంటుంది. ఒక టీచరమ్మ ఏటా దసరా సెలవుల్లో వస్తుంది. ఓసారి వచ్చి, పెరట్లో అత్తగారు పెంచుకున్న మల్లెపొదను వేళ్లతో సహా తీయించేశానని చెప్పింది. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవట. తుమ్ములు మాత్రం ఎక్కడికీ పోలేదు. "మీ ఇంటి పక్కన ఖాళీ జాగా ఉందా?" అన్నాను. ఉందట. అందులో ఏముంది? నడుమెత్తు వయ్యారిభామ!

రంగూ వాసనా ఉన్న పూలు తేనెటీగల్ని, సీతాకోకచిలుకల్ని నమ్ముకుని బతుకుతాయి. వాటి పుప్పొడి బరువు, జిగురు. అది గాలికి లేచి మన ముక్కుదాకా రావడం తక్కువ. మల్లె ఘాటుకు ముక్కు కాస్త చిరచిరలాడవచ్చు, అంతే. గాలినే నమ్ముకున్నవి ఎవరూ జడలో పెట్టుకోని పూలు: గరిక, జొన్న, మొక్కజొన్న, తోటకూర జాతి కలుపు మొక్కలు, ఆముదం, కోస్తాలో సరుగుడు. వీటన్నిటి మధ్యా తెల్లటి చిన్న పూలతో వయ్యారిభామ. 1950ల్లో పుణె దగ్గర మొదట కంటపడిన ఈ అమెరికా కలుపు ఇవాళ దేశమంతా ఉంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. ముక్కుతోనూ ఊరుకోదు. పొలంలో దాన్ని ఉత్త చేతులతో పీకే రైతుల్లో కొందరికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లగా మందమై, ఏనుగు చర్మంలా గరుకుదేరతాయి. పూతకు రాకముందే చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకాలని చెబితే, "అది మా జాగ కాదు సారూ" అంటారు. పుప్పొడికి పట్టా పాసుపుస్తకాలు ఉండవు కదా!

ఈమధ్య నేరం కోనోకార్పస్ మీద పడింది. రోడ్ల మధ్య పచ్చగా, ఏపుగా పెరుగుతుందని నాటిన ఆ చెట్టును 2023లో గుజరాత్ నిషేధించింది. మన దగ్గరా నాటడం మానాలన్నారు. మంచిదే. అయితే "ఆ చెట్లు కొట్టేసినంక స్ప్రే అక్కర ఉండదు గదా?" అని అడిగేవాళ్లకు నేను తల అడ్డంగా ఊపాల్సి వస్తోంది. ఒక చెట్టు పోయినా గరిక ఉంటుంది, గునుగూ ఉంటుంది. గునుగు కూడా తోటకూర కుటుంబానిదే. అలాగని బతుకమ్మ పేర్చవద్దని చెప్పే డాక్టరును కాను నేను. గునుగు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ? పూలు కోయడానికి చెలకల్లోకి వెళ్లే ఆడబిడ్డ ముక్కుకు మాస్కు కట్టుకుని వెళ్లి, ఇంటికి రాగానే స్నానం చేస్తే చాలు. మందు ముందే మొదలుపెట్టి ఉంటే హాయిగా ఆడుకోవచ్చు, పాడుకోవచ్చు.

మందు ఆపేసినవాళ్లు ఊరికే కూర్చుంటారా? కూర్చోరు. ముందుగా వెళ్లేది మెడికల్ షాపుకు. "ముక్కు బిగిసింది" అనగానే చుక్కల మందు చేతికొస్తుంది. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ జాతి చుక్కలు. వేసిన అయిదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. అంత వేగంగా పనిచేసే మందు నా దగ్గర లేదని ఒప్పుకోవాల్సిందే. కాని మూడు నుంచి అయిదు రోజులు మించి వాడితే ఆ చుక్కలే ముక్కును బిగిస్తాయి. ఒక ఆటో డ్రైవరు అంగీ జేబులో, ఆటో అద్దం వెనక, తలగడ కింద, మూడు చోట్లా మూడు సీసాలు పెట్టుకుని నెలల తరబడి అలాగే గడిపాడు. "ఇది లేకుంటే నిద్ర పట్టది సారూ" అన్నాడు. నేను రాసే స్ప్రే అలవాటవుతుందని భయపడి మానేసినవాడూ ఇతనే. అలవాటు కాని మందును మాని, అలవాటయ్యేదాన్ని జేబులో పెట్టుకున్నాడు.

రెండో మజిలీ ఆరెంపీ ఇల్లు. అక్కడ ఒక్క సూది. దాంతో తుమ్ములు, దురద, ఆయాసం మాయం. ఆకలి కూడా పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ ఆ చేతిని మెచ్చుకుంటారు. వయ్యారిభామతో మెడంతా నల్లబడ్డ ఒక పత్తి రైతు అలా ఏళ్లుగా సూదులు వేయించుకున్నాడు. ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు మూడు వందలు దాటాక నా దగ్గరికి వచ్చాడు. నేను స్ప్రే రాస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "స్టెరాయిడ్ అంటగా సారూ, అది మంచిది కాదంట."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. "కాకా, ఈ ఫ్లూటికాసోన్ స్ప్రే పెద్దలకు రోజుకు 200 మైక్రోగ్రాములు. అందులోనూ ఒంట్లోకి చేరేది నూటికి రెండు వంతులు కూడా ఉండదు, పని అంతా ముక్కులోనే. నువ్వు వేయించుకున్న డెక్సా సూది ఒక్కటే 8 మిల్లీగ్రాములు, అంటే 8000 మైక్రోగ్రాములు. అదంతా ఒంట్లోకే." చాలాసేపు ఆ కాగితం చూశాడు. "మరి సూదిల స్టెరాయిడ్ ఉన్నట్టు ఎవలు చెప్పలే సారూ" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు. స్ప్రే మీద రాసి ఉంటుంది, నేనూ చెబుతాను. అందుకే భయం. సూది మీద ఏముందో ఎవరూ చెప్పరు. అందుకే నమ్మకం.

ఇక మూడోది రక్తపరీక్ష కాగితం. "ఇస్నోఫీలియా ఉందంట సారూ" అంటూ పిల్లవాణ్ని తీసుకొస్తారు. ఇసినోఫిల్స్ పెరిగాయని ఏటా మూడు వారాల కోర్సు మింగించి ఉంటారు. ఆ మాత్ర డైఈథైల్ కార్బమజిన్. భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940ల్లో లోకానికిచ్చిన గొప్ప మందు. బోదకాలు పురుగు మీద దానిది తిరుగులేని చరిత్ర. ఆ పురుగు పిల్లల వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే ఇసినోఫీలియాకూ బాగా పనిచేస్తుంది. పుప్పొడి అలర్జీలోనూ ఇసినోఫిల్స్ పెరుగుతాయి గాని, అక్కడ పురుగే లేదు, చంపడానికి. సుబ్బారావుగారి మాత్ర పాపం ఏం చేస్తుంది?

ఇంతవరకూ చెప్పినవాటితో విసుగే వస్తుంది. భయం వేసేది వేరే చోట. ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారికి రెండు కొసలు. ఆస్తమా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ముక్కు అలర్జీ కూడా ఉంటుంది. ఒక డిగ్రీ అమ్మాయికి అలాగే తుమ్ములతో మొదలై పిల్లికూతలు వచ్చాయి. ఇన్‌హేలర్ రాశాను. ఉదయం రెండు, రాత్రి రెండు పీల్పులు. కొన్ని నెలల తర్వాత ఒక అర్ధరాత్రి మోసుకొచ్చారు. రెండు మాటలు కలిపి పలకలేకపోతోంది, పెదవులు నల్లబడుతున్నాయి. ఆక్సిజన్, నెబ్యులైజర్, సెలైన్. తెల్లవారేసరికి తేరుకుంది.

ఇన్‌హేలర్ తెమ్మన్నాను. తల్లి కొంగు ముడిలోంచి తీసి ఇచ్చింది. దాని వెనక చిన్న కిటికీలో ఎన్ని పీల్పులు మిగిలాయో అంకె కనిపిస్తుంది. కొత్తదానిలో 120. ఆ కిటికీలో 112 ఉంది. అంటే రెండు రోజులు వాడింది. మిగతా నెలలన్నీ అది బీరువాలో పట్టుచీరల కింద ఉంది. "సంబంధాలు చూస్తున్నం సారూ. ఇది ఎవలన్న చూస్తే పిల్లకు దమ్మున్నదంటరు" అంది తల్లి తల దించుకుని. అరుద్దామనుకున్నాను. ఆమె రాత్రంతా బిడ్డ అరికాళ్లు రుద్దుతూ కూర్చున్న సంగతి గుర్తొచ్చి నోరు రాలేదు. ఇన్‌హేలర్‌ను చీరల కింద దాచొచ్చు గాని, ఆయాసాన్ని ఎక్కడ దాస్తామమ్మా? అమ్మాయి మాత్రం మంచం మీంచి నెమ్మదిగా అంది: "పెళ్లయినంక మంచిగ వాడుత సారూ."

ముక్కు అలర్జీని జలుబుగా కొట్టిపారేసేవాళ్లకు మెల్‌బోర్న్ సంగతి చెబుతుంటాను. 2016 నవంబరు 21న అక్కడ ఉరుములతో గాలివాన వచ్చింది. గాలిలోని రై గడ్డి పుప్పొడి తేమకు ఉబ్బి పగిలి, ఊపిరితిత్తుల లోతుకు దిగేంత చిన్న తునకలైంది. వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. చాలామందికి అప్పటిదాకా ఉన్నది ముక్కు అలర్జీ మాత్రమే. బాధితుల్లో భారత, ఆసియా మూలాలవాళ్లు జనాభాలోని తమ వాటాను మించి ఉన్నారు. మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లే ఊరది. విదేశం వెళ్లిన ఒకటి రెండేళ్లకు కొత్త గడ్డి, కొత్త చెట్లు పడక తుమ్ములు మొదలైన పిల్లలకు అమ్మలు ఇక్కణ్నుంచి మాత్రల కట్టలు పంపుతుంటారు. పంపండి. దాంతోపాటు అక్కడి డాక్టరుకు ఒకసారి ఊపిరితిత్తులు చూపించుకోమనీ చెప్పండి.

వైద్యం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మాత్ర మత్తు తక్కువుండేదై ఉండాలి. బండి నడిపేవాళ్లకు ఫెక్సోఫెనడిన్ మేలు. స్ప్రే రోజూ వాడాలి. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో, మొన చెవి వైపు ఉండేలా కొట్టాలి. ముక్కు మధ్య గోడ మీద కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చకూడదు, గొంతులోకి పోతుంది. ముక్కు కడుక్కునేవాళ్లు కాచి చల్లార్చిన ఉప్పునీళ్లే వాడాలి, నల్లా నీళ్లు వద్దు. మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర ఇంట్లో అందరూ పంచుకునేది కాదు. దానివల్ల కొందరికి దిగులు, పీడకలలు వస్తాయని 2020లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరికే చేసింది. బండి మీద హెల్మెట్ అద్దం దించుకోండి. ఈ కాలంలో దుప్పట్లు బయట ఆరేయకండి.

"ఇవన్నీ కాదు సారూ, మళ్ల రాకుండ ఏమన్న ఉందా?" అంటారు చివరికి. ఉంది. ఏ పుప్పొడి పడదో పరీక్షలో తేల్చుకుని దాన్నే కొద్దికొద్దిగా ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ మొదలుపెట్టిన పద్ధతి. సరిగ్గా ఎంచిన రోగుల్లో మంచి గుణం కనిపిస్తుంది. మూడు నుంచి అయిదేళ్లు వాడాలి అనగానే కుర్చీలోంచి లేస్తారు. నాలుగు రోజుల స్ప్రే పూర్తిచేయనివాళ్లతో అయిదేళ్ల మాట ఎత్తడం నా అత్యాశే.

కాబట్టి చిన్న కోరికే కోరుతున్నాను. మీ తుమ్ములు ఏటా ఒకే కాలంలో వస్తాయని మీకు నాకంటే బాగా తెలుసు. దసరాకు తుమ్మేవాళ్లు వినాయక నిమజ్జనం నాటికే వచ్చి కలవండి. అక్కణ్నుంచి ఎంగిలిపూల బతుకమ్మకు సుమారు పక్షం రోజులు. స్ప్రే పూర్తిగా పనిచేయడానికి కావలసినన్ని రోజులు. దీపావళి దాటాక ఎప్పుడు ఆపాలో, ఎలా తగ్గించాలో నేనే చెబుతాను. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ గడువు వర్తించదు, వాళ్ల ఇన్‌హేలర్ అన్ని కాలాల్లోనూ ఉండాల్సిందే. తగ్గిందని సంతోషించండి. ఆపాలనిపిస్తే మాత్రం, ఆపే ముందు ఒక్కసారి అడగండి.